జామ్ కనిపించే చోటు ఒకటి, పుట్టే చోటు మరొకటి: రోడ్డు పనుల ప్రణాళికలో అసలు లెక్క

సంక్షిప్తంగా

ట్రాఫిక్ పెరిగిందనగానే మొదట వినిపించే మాట రోడ్డు వెడల్పు చేయాలని. కానీ ఊరి రోడ్డు మీద గంటకు ఎన్ని వాహనాలు పోగలవో తేల్చేది చాలాసార్లు దాని వెడల్పు కాదు, దాని చివర ఉన్న కూడలి. వాహనాలు ఐదారు శాతం పెరిగితే చాలు, క్యూ రెండు మూడు రెట్లవుతుంది. అంతే తగ్గితే అదే క్యూ మాయమవుతుంది. వెడల్పు చేసిన రోడ్డు కొన్నేళ్లలో మళ్లీ నిండడానికి కూడా కారణాలున్నాయి. ఏ పని ముందు, ఏది తర్వాత అన్న ప్రశ్నకు జవాబు వీటిలోనే దొరుకుతుంది.

రోడ్డు మధ్యలో కాదు, చివర్లో

ఆగే పని లేని రోడ్డు మీద ఒక లేన్‌లో గంటకు సుమారు 1,800 వాహనాలు పోగలవు. ఒకదాని వెనక ఒకటి రెండేసి సెకన్ల తేడాతో వెళ్తున్నాయనుకుంటే వచ్చే లెక్క ఇది. అదే లేన్ సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. సిగ్నల్ అన్ని దారులకూ ఒకసారి గ్రీన్ ఇచ్చి మళ్లీ మొదటికి రావడానికి పట్టే సమయాన్ని సైకిల్ అంటారు. వంద సెకన్ల సైకిల్‌లో ఆ దారికి 40 సెకన్లు గ్రీన్ ఇచ్చారనుకుందాం. ఒక విడతలో దాటేవి 20 వాహనాలు. గంటకు 36 విడతలు. మొత్తం 720.

రెండు లేన్ల రోడ్డయితే మధ్యలో 3,600 వాహనాలకు చోటుంటుంది, కూడలి దగ్గర మాత్రం దాటేవి 1,440. ఇప్పుడు మధ్య భాగాన్ని మూడు లేన్లకు వెడల్పు చేశారనుకోండి. కాగితం మీద సామర్థ్యం 5,400కి పెరుగుతుంది. కూడలి నోరు అలాగే ఉంటే దాటేవి అవే 1,440. మారేది క్యూ ఆకారమే: రెండు వరుసల్లో పొడుగ్గా నిలబడేది ఇప్పుడు మూడు వరుసల్లో కాస్త పొట్టిగా నిలబడుతుంది. భూసేకరణకు, షాపుల తొలగింపుకు, కరెంటు స్తంభాల మార్పిడికి ఖర్చు పెట్టాక మిగిలేది ఇదైతే విస్తరణ మీద జనానికి నమ్మకం పోవడంలో వింత లేదు.

ఇక్కడ పొరబాటు పడడం సులువు. వాహనం ఎక్కడ ఆగిపోయిందో సమస్య అక్కడే ఉందనిపిస్తుంది. క్యూ ఎప్పుడూ వెనక్కి పెరుగుతుంది కాబట్టి, కూడలి దగ్గర పుట్టిన జామ్ కిలోమీటరు వెనక ఉన్నవాళ్లను పట్టుకుంటుంది. మూలం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక మోటు గుర్తు ఉంది: వాహనాలు ఒక్కసారిగా విడిపోయి వేగం అందుకునే చోటు చూడాలి. దానికి కాస్త వెనకే ఇరుకు ఉంటుంది. అది సిగ్నలే కానక్కర్లేదు. రోడ్డు సన్నబడే కల్వర్టు కావచ్చు, బస్సు రోడ్డు మధ్యలోనే ఆగే స్టాప్ కావచ్చు, డివైడర్‌లో వదిలిన సందు కావచ్చు.

క్యూ వెనక కూడలి దాకా పాకితే కష్టం రెట్టింపవుతుంది. అక్కడ అడ్డంగా వెళ్లాల్సిన వాహనాలకు ఈ జామ్‌తో ఏ సంబంధమూ లేదు. అయినా కూడలి మధ్యలో క్యూ నిలబడిపోవడంతో గ్రీన్ పడ్డా అవి కదలలేవు. అలా ఒక్క ఇరుకు నాలుగు కూడళ్లను కట్టేస్తుంది. మ్యాప్‌లో ఆ ప్రాంతమంతా ఎర్రగా కనిపిస్తుంది, బాగు చేయాల్సింది మాత్రం ఒక్క చోటే కావచ్చు.

ఏడు శాతం చేసే పని

పై కూడలికే ఉదయం రద్దీ గంటలో 1,500 వాహనాలు వచ్చాయనుకుందాం. దాటగలిగేవి 1,440. గంట తిరిగేసరికి 60 మిగులుతాయి. ఆ తర్వాత వచ్చేవి గంటకు 1,300కి తగ్గితే 140 వాహనాల వెసులుబాటు దొరుకుతుంది, 26 నిమిషాల్లో క్యూ కరిగిపోతుంది. అంతవరకు ఎవరూ పెద్దగా ఫిర్యాదు చేయరు.

మరుసటి ఏడాది అదే గంటలో 1,600 వచ్చాయి. పెరుగుదల ఏడు శాతంలోపే. మిగిలే వాహనాలు మాత్రం 160. అవి కరగడానికి గంటా పది నిమిషాల దాకా పడుతుంది. అంటే క్యూ 60 నుంచి 160కి పోయింది, గంట రద్దీ రెండు గంటలు దాటింది. "నిన్నమొన్నటి దాకా బాగానే ఉండేది, ఇంతలోనే ఏమైంది" అని జనం అనుకోవడానికి కారణం ఇదే. వాహనాలు మెల్లగానే పెరిగాయి, కూడలి పరిమితి దాటడం మాత్రం ఒక్కసారిగా జరిగింది. స్కూళ్లకు సెలవులిస్తే రోడ్లు తేలికపడేది కూడా ఇందుకే. ఆ రోజు తగ్గిన వాహనాలు కొద్దే, కానీ అవి పరిమితికి పైన ఉన్నవి.

స్థానికంగా ట్రాఫిక్ పెరిగే తీరుకు దీన్ని జోడించి చూడాలి. ఒక హౌసింగ్ ప్రాజెక్టు, ఒక స్కూలు, ఒక పెద్ద షాపింగ్ భవనం, దేనికదే విడిగా అనుమతికి వస్తుంది. ఒక్కోదాని వల్ల పెరిగే ట్రాఫిక్ ఒకటో రెండో శాతమే కనుక ప్రభావం స్వల్పమని నివేదికలో రాయడం అబద్ధం కాదు. అలాంటివి నాలుగు కలిస్తే ఏడు శాతం. అనుమతులను కలిపి లెక్కించే పద్ధతి లేని చోట ఆ నాలుగో భవనం తెరిచిన రోజే అందరికీ ట్రాఫిక్ గుర్తుకొస్తుంది.

ఇరుకు, సిగ్నల్, ప్రమాదం ఏదీ లేకపోయినా జామ్ రావచ్చని జపాన్ పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో చూపారు. 230 మీటర్ల గుండ్రటి బాట మీద 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. కాసేపటికి ఎవరో కొద్దిగా బ్రేక్ నొక్కారు, వెనకాయన ఇంకొంచెం గట్టిగా నొక్కాడు, అలా అలా చివరికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ ఆగుడు అలలా వెనక్కి జరుగుతూ పోయింది. వాహనాల సాంద్రత ఒక హద్దు దాటాక రోడ్డు మీద ప్రవాహం దానికదే తెగిపోతుంది.

వెడల్పు చేశాక ఏమవుతుంది

కూడలితో సహా మొత్తం దారినే పెద్దది చేశారనుకుందాం. మొదటి నెలల్లో ఫలితం కచ్చితంగా కనిపిస్తుంది. ఆ తర్వాత జరిగేదాన్ని అమెరికన్ ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే వివరించారు. రద్దీకి భయపడి వేరే దారిలో వెళ్తున్నవారు ఇటు వస్తారు. ముందుగానో ఆలస్యంగానో బయల్దేరుతున్నవారు తమకు అనువైన వేళకే బయల్దేరతారు. బస్సో రైలో ఎక్కుతున్నవారిలో కొందరు సొంత బండి తీస్తారు. కొన్నేళ్లకు నాలుగోది కలుస్తుంది: ప్రయాణం తేలికైందని జనం దూరంగా ఇళ్లు కట్టుకుంటారు. ఇలా పుట్టే రద్దీని ప్రేరిత డిమాండ్ అంటారు.

ఇది ఎంత ఉంటుందన్నదే చాలాకాలం వివాదం. గిల్స్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ 2011లో అమెరికా నగరాల గణాంకాలతో చేసిన అధ్యయనంలో, అంతర్రాష్ట్ర రహదారుల లేన్ల పొడవు ఎంత శాతం పెరిగితే వాటి మీద వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరిగిందని తేలింది. హ్యూస్టన్‌లోని కేటీ ఫ్రీవేను సుమారు 280 కోట్ల డాలర్లతో వెడల్పు చేసి 2008లో పూర్తి చేశారు. సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల అది 26 లేన్ల దారి. కొన్నేళ్లు తిరిగేసరికి రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్లీ పెరగడం మొదలైంది.

దీన్ని పట్టుకుని రోడ్లు వేయడమే దండగ అనడం కూడా సరికాదు. వెడల్పయిన దారిలో ఎక్కువమంది ప్రయాణిస్తున్నారు, వారికి ఏదో ఒక పని జరుగుతోంది కనుకే వస్తున్నారు. పైగా ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం పెద్ద నగరాల వేగ రహదారుల మీద జరిగినవి. రెండు కాలనీలను కలిపే చిన్న లింకు రోడ్డుకు, చుట్టూ తిరిగి వెళ్లే బాధ తప్పించే వంతెనకు అవే అంకెలు వర్తిస్తాయని చెప్పలేం. తప్పెక్కడంటే, విస్తరణ తర్వాత కూడా వాహనాల సంఖ్య మునుపటిలాగే పెరుగుతుందని ఊహించి, ఆదా అయ్యే సమయాన్ని 20 ఏళ్లకు గుణించి, ప్రాజెక్టు లాభదాయకమని చూపించడంలో ఉంది.

కొత్త రోడ్డే ఆలస్యం పెంచితే

జర్మన్ గణిత శాస్త్రవేత్త డీట్రిష్ బ్రెస్ 1968లో ఒక విచిత్రాన్ని నిరూపించారు. ఒక చోటి నుంచి మరో చోటికి రెండు దారులున్నాయి. రెండింటిలోనూ ఒక వెడల్పాటి భాగం ఉంది, అక్కడ ఎప్పుడైనా 45 నిమిషాలే. ఇంకో ఇరుకు భాగం ఉంది, అక్కడ పట్టే నిమిషాలు వాహనాల సంఖ్యలో వందో వంతు. మొదటి దారిలో ఇరుకు ముందు వస్తుంది, రెండో దారిలో చివర వస్తుంది. 4,000 వాహనాలు సగం సగం వెళ్తే ఎవరికైనా 20, 45 కలిపి 65 నిమిషాలు.

ఇప్పుడు మధ్యలో ఒక లింకు రోడ్డు వేశారు. దాన్ని దాటడానికి పట్టే సమయం సున్నా అనుకుందాం. మొదటి ఇరుకు నుంచి లింకు మీదుగా రెండో ఇరుకులోకి పోవచ్చు. ఇరుకు భాగంలో ఎంత రద్దీ ఉన్నా 40 నిమిషాలు మించదు, 45 కంటే తక్కువే. అందుకని ప్రతి ఒక్కరూ లింకు వైపే మళ్లుతారు. ఫలితంగా అందరికీ 40, 40 కలిపి 80 నిమిషాలు. ఒక్కడు పాత దారికి పోదామనుకున్నా 85 అవుతుంది కాబట్టి పోడు. కొత్త రోడ్డు వచ్చి ప్రతి ఒక్కరికీ 15 నిమిషాలు పెంచింది, అందులో ఎవరి తెలివితక్కువతనమూ లేదు.

ప్రతి లింకు రోడ్డూ ఇలా చేస్తుందని కాదు. అంకెలు అలా కుదిరినప్పుడే చేస్తుంది. ఒక రోడ్డును విడిగా చూసి నిర్ణయం తీసుకోకూడదని, చుట్టూ ఉన్న దారులన్నిటినీ మోడల్‌లో పెట్టి చూడాలని ప్లానర్లు పట్టుబట్టడానికి ఇదొక కారణం. దీనికి తిరగేసిన ఉదాహరణలా దక్షిణ కొరియా రాజధాని సోల్‌ను చెబుతారు. అక్కడ చంగ్యెచన్ అనే వాగు మీదున్న ఎలివేటెడ్ హైవేను 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005 నాటికి కింద ఉన్న వాగును తిరిగి తెరిచారు. భయపడినట్టు నగరం స్తంభించలేదు. అయితే అదే కాలంలో బస్సు వ్యవస్థను కూడా మార్చారు కాబట్టి ఘనతంతా కూల్చివేతకే ఇవ్వడం కుదరదు.

సున్నం గీతలు, సిగ్నల్ సెకన్లు

ప్రారంభోత్సవాలకు పనికిరాని పనులే కూడలి సామర్థ్యాన్ని ఎక్కువగా మారుస్తాయి. పార్కింగ్ సంగతే చూడాలి. 40 సెకన్ల గ్రీన్‌లో లేన్‌కు 20 వాహనాలు దాటాలంటే, ఒక్కోదానికి ఏడు మీటర్ల చొప్పున, స్టాప్ లైన్ నుంచి వెనక్కి 140 మీటర్ల దాకా రెండు లేన్లూ ఖాళీగా ఉండాలి. స్టాప్ లైన్‌కు 35 మీటర్ల వెనక వరుసగా నాలుగు కార్లు ఆపి ఉంటే రెండో లేన్‌లో నిలబడేవి ఐదు వాహనాలే. అవి దాటిపోయాక మిగతా గ్రీన్ అంతా ఆ లేన్ ఖాళీ. విడతకు 40 బదులు 25. గంటకు 1,440 బదులు 900. నాలుగు కార్ల పార్కింగ్‌కు రోడ్డు కడుతున్న మూల్యం గంటకు 540 వాహనాలు. ఇంత చవకగా ఇంత సామర్థ్యం తిరిగొచ్చే పని ఇంకొకటి ఉండదు, అయినా అమలు చేయడం ఫ్లైఓవర్ కట్టడం కంటే కష్టమనిపిస్తుంది. స్టాప్ లైన్‌కు ముందే ఉండే బస్ స్టాప్‌దీ ఇదే లెక్క. దాన్ని కూడలి దాటాక పెడితే ఆగిన బస్సు గ్రీన్‌ను తినేయదు.

సిగ్నల్‌లో ఫేజులు, అంటే విడివిడిగా ఇచ్చే గ్రీన్ వంతులు, ఎన్ని ఉంటే అంత సమయం వృథా. ఒక ఫేజ్ ఆగి ఇంకొకటి మొదలయ్యే మధ్యలో మూడు నాలుగు సెకన్లు ఎవరికీ పనికిరావు. నాలుగు ఫేజులకు నాలుగేసి సెకన్లయితే సైకిల్‌కు 16 సెకన్లు. ఈ వృథాకు, రద్దీకి తగ్గట్టు సైకిల్ ఎంత ఉండాలో బ్రిటన్‌కు చెందిన వెబ్‌స్టర్ 1958లో ఒక సూత్రం ఇచ్చారు, ఇప్పటికీ పాఠాలు అక్కడే మొదలవుతాయి. దాని ప్రకారం కూడలి 60 శాతం నిండితే సైకిల్ 72 సెకన్లు చాలు. 80 శాతానికి 145 సెకన్లు కావాలి. 90 శాతానికి దాదాపు ఐదు నిమిషాలు, అంటే ఆచరణలో కుదరనిది. అదే ఫేజులను రెండుకు తగ్గిస్తే 80 శాతం దగ్గర కూడా 85 సెకన్లు సరిపోతాయి.

ఫేజులు తగ్గించే మార్గం ఎదురు వాహనాలకు అడ్డంగా తిరిగే మలుపును కూడలిలో ఆపేసి, ముందుకెళ్లి యూ-టర్న్ తీసుకోమనడం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఇది 1960ల నుంచి ఉంది. అక్కడ యూ-టర్న్ తీసుకునే వాహనాలు నిలబడడానికి వెడల్పాటి డివైడర్లుంటాయి. ఆ చోటు లేకుండా పద్ధతిని మాత్రమే తెచ్చుకుంటే జామ్ కూడలి నుంచి యూ-టర్న్ దగ్గరికి మారుతుంది. సిగ్నల్ తీసేసిన చోట కాలినడకన దాటేవారికి ఆగే ట్రాఫిక్ అంటూ ఉండదు, వారికి వేరే ఏర్పాటు కావాలి.

మధ్యస్థ రద్దీ ఉన్న కూడళ్లకు రౌండబౌట్ మంచి మందు. లోపల తిరుగుతున్న వాహనానికే ముందు హక్కు అన్న నియమాన్ని బ్రిటన్ 1966లో తెచ్చాకే అవి సరిగ్గా పనిచేయడం మొదలుపెట్టాయి. అంతకుముందు లోపలికి దూసుకొచ్చేవారే చక్రాన్ని బిగించేసేవారు. నాలుగు దారుల మామూలు కూడలిలో వాహనాల బాటలు ఒకదాన్నొకటి కలిసే, విడిపోయే, ఖండించే బిందువులు 32 ఉంటే, ఒకే లేన్ రౌండబౌట్‌లో ఎనిమిదే. నియమం పాటించని చోట మాత్రం అది మధ్యలో మొక్కలున్న కూడలే.

ఫ్లైఓవర్ ఎక్కడ నిలుస్తుంది

నేరుగా పోయే వాహనాలు ఎక్కువగా ఉండి, తర్వాతి కూడలి దూరంగా ఉంటే ఫ్లైఓవర్ నిజంగా ఉపయోగపడుతుంది. ఈ రెండూ సర్వేలో తేలాలి. మలుపు తిరిగేవే ఎక్కువైతే అవి కిందే మిగులుతాయి. పైగా ర్యాంపులు, స్తంభాలు మింగగా మిగిలిన సన్నటి సర్వీసు రోడ్డులో వాటిని నడపాలి. తర్వాతి సిగ్నల్ అర కిలోమీటరులోనే ఉంటే అంతకుముందు దాకా మొదటి కూడలి వడపోసి పంపిన వాహనాలు ఇప్పుడు ఒకేసారి వచ్చి అక్కడ పడతాయి. దాంతో అక్కడో ఫ్లైఓవర్ కావాలన్న డిమాండ్ మొదలవుతుంది. క్యూను ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకు మార్చడానికి ఇది చాలా ఖరీదైన పద్ధతి.

వాహనాల లెక్క, మనుషుల లెక్క

సర్వేల్లో వాహనాలన్నిటినీ కారు కొలతలోకి మార్చి పీసీయూలుగా చెబుతారు. బైక్ అంటే సగమో అంతకంటే తక్కువో, బస్సు అంటే సుమారు మూడు. రోడ్డు మీద ఆక్రమించే చోటుకు ఇది సరైన కొలతే. కానీ ఈ లెక్కలో 50 మందిని మోసే బస్సు మూడు కార్ల భారంగా మాత్రమే కనిపిస్తుంది. అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం మార్గదర్శకాల్లో మామూలు లేన్ గంటకు 600 నుంచి 1,600 మందిని, బస్సులకే కేటాయించిన లేన్ 4,000 నుంచి 8,000 మందిని మోయగలవని ఉంది. బస్సులు తగినన్ని నడపకుండా లేన్ గీసి వదిలేస్తే మాత్రం ఖాళీ లేన్ పక్కన జామ్ కనిపిస్తుంది, నెలలోపే దాన్ని ఎత్తేయాలన్న ఒత్తిడి వస్తుంది.

రద్దీ వేళ రోడ్డుకు ధర పెట్టడం ఇంకో దారి. సింగపూర్ 1975లో, లండన్ 2003లో మొదలుపెట్టాయి. స్టాక్‌హోమ్‌లో 2006 జనవరి నుంచి జులై దాకా ప్రయోగంగా నడిపారు. రుసుము వసూలు చేసే సరిహద్దు దాటే ట్రాఫిక్ సుమారు 20 శాతం తగ్గింది. ప్రయోగం ఆపగానే చాలావరకు తిరిగొచ్చింది. తర్వాత 2007 ఆగస్టు నుంచి శాశ్వతం చేశారు. 20 శాతమే అయినా క్యూలు అంతకంటే ఎంతో ఎక్కువగా తగ్గడానికి కారణం పైన చెప్పిన ఏడు శాతం లెక్కే. చిన్న ఊళ్లలో ఇలాంటి రుసుముకు వీలుండదు గానీ పార్కింగ్‌కు ధర పెట్టినా, స్కూళ్లు, ఆఫీసుల వేళలను అరగంట ఎడం చేసినా అదే సూత్రం కొంతవరకు పనిచేస్తుంది.

అంచనాలు, కొలతలు

ప్రణాళికకు మొదట కావాల్సింది కూడలిలో ఏ దారి నుంచి ఏ దారికి ఎన్ని వాహనాలు తిరుగుతున్నాయన్న లెక్క, 15 నిమిషాలకొకసారి చొప్పున. రోజు మొత్తం ఎన్ని వెళ్లాయన్న సంఖ్య పేపర్లో బాగుంటుంది, డిజైన్‌కు పెద్దగా పనికిరాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. జామ్‌లో ఉన్న కూడలి దగ్గర లెక్కపెడితే దాటగలిగినవే లెక్కకు వస్తాయి, దాటాలనుకున్నవి రావు. క్యూ పొడవును కూడా కొలిస్తేనే అసలు డిమాండ్ బయటపడుతుంది.

భవిష్యత్ అంచనాలను ఎంత నమ్మవచ్చన్నది వేరే ప్రశ్న. బెంట్ ఫ్లూబ్యర్గ్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో 183 రోడ్డు ప్రాజెక్టులు పరిశీలిస్తే, సగం వాటిలో అసలు ట్రాఫిక్ అంచనా కంటే పైకో కిందికో 20 శాతానికి మించి తేడాగా వచ్చింది. ఏడు శాతానికే క్యూ రెండున్నర రెట్లకు పైగా పెరిగే చోట 20 శాతం పొరపాటు అంటే డిజైన్ మొత్తం తారుమారు. పనులను విడతలుగా చేయడానికి ఇది బలమైన కారణం. ముందు పార్కింగ్, సిగ్నల్, బస్ స్టాప్ సరిచేసి మళ్లీ లెక్కపెట్టి, మిగిలిన కొరతకే కాంక్రీటు పోయడం.

తవ్వకాలు మొదలయ్యాక ఉన్న రెండు లేన్లలో ఒకటి మూసుకుపోతుంది. 1,440 కాస్తా 720 అవుతుంది, కొన్నిసార్లు రెండేళ్ల పాటు. పైపులైన్లు, కేబుళ్లు ముందే పక్కకు జరపకుండా పని ప్రారంభించిన చోట్ల ఈ కాలం ఇంకా సాగుతుంది. లాభనష్టాల పట్టికలో ఈ రెండేళ్ల ఆలస్యాన్ని ఖర్చుగా రాసిన నివేదికలు అరుదు.

పూర్తయ్యాక కొలవడం అంతకంటే అరుదు. ఇంగ్లండ్‌లో ప్రధాన రహదారుల పెద్ద పనులకు ఆ అలవాటు ఉంది: రోడ్డు తెరిచిన ఏడాదికి ఒకసారి, ఐదేళ్లకు మరోసారి వాహనాల సంఖ్య, ప్రయాణ సమయం, ప్రమాదాలు లెక్కగట్టి మొదటి అంచనాలతో పక్కపక్కన పెడతారు. ఏడాది తర్వాతి అంకెల్లో ఆదా అయిన నిమిషాలు కనిపిస్తాయి. ప్రేరిత డిమాండ్ వచ్చి చేరిందా లేదా అన్నది తెలిసేది ఐదేళ్ల అంకెల్లో.